షార్బొనో భార్యల్లో ఒకామె

అమ్మాయీ,

నీ కథ అందింది. ఇరవై రెండు పేజీలూ ఒక్క మధ్యాహ్నంలో చదివేశాను. ఫోన్లో చెప్పేయొచ్చు, కానీ ఫోన్లో అయితే నువ్వు "సరే మాస్టారూ" అనేసి మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను.

ముందు నచ్చింది చెప్తాను. సెయింట్ లూయీలో ఉద్యోగం చేసుకుంటూ, ఆ పెద్ద కమాను కింది మ్యూజియం చూసొచ్చి ఊరుకోకుండా, పసిఫిక్ దాకా దారి చూసి రమ్మని అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ పంపిన లూయిస్, క్లార్క్‌ల ప్రయాణాన్ని తెలుగులో రాయాలని కూర్చున్నావు. బయల్దేరే ఘట్టం బాగుంది. 1804 మే 14, సాయంత్రం నాలుగు గంటలు, చుట్టుపక్కల జనం చూస్తూ ఉండగా పడవలు మిస్సోరీ నదికి ఎదురు కదలడం. అక్కడ నీ చెయ్యి ఎక్కడా తొణకలేదు. క్లార్క్ ఆ రోజు రాసుకున్న పేజీ ముందు పెట్టుకుని రాశావని తెలిసిపోతోంది.

దళం వెంట వెళ్ళిన షోషోనీ తెగ అమ్మాయి సకాగవియా తన అన్నను కలిసే చోటికి వచ్చేసరికి తేడా కొట్టింది. ఆమె పరుగెత్తుకెళ్ళి అతన్ని కావలించుకోవడం, తన దుప్పటి అతని మీద కప్పడం, వెక్కి వెక్కి ఏడవడం. ఇది నీకెక్కడ దొరికిందో నేను చెప్పనా? 1814లో అచ్చయిన పుస్తకంలో. దాన్ని తయారుచేసింది ఫిలడెల్ఫియా లాయరు నికలస్ బిడిల్. ఆయన ఆ దారిలో ఒక్క మైలు కూడా నడవలేదు. లూయిస్ 1809లోనే పోయాడు కాబట్టి, బిడిల్ 1810లో క్లార్క్ దగ్గరికి వెళ్ళి, నోటుబుక్కులు ముందేసుకుని, ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నాడు. అది అబద్ధమని నేననను. క్లార్క్ నోట విన్నదే అయ్యుండొచ్చు. కానీ అది అయిదేళ్ళ తర్వాత గుర్తుచేసుకున్న మాట, పైగా ఇంకొకరి కలంలోంచి వచ్చిన మాట. నువ్వు దాన్ని ఆ రోజు, ఆ క్షణం అన్నట్టు రాశావు.

ఆ రోజు పేజీలు ఉన్నాయి కదా, వాటిని చూడు. 1805 ఆగస్టు 17. క్లార్క్ నది వెంట నడిచి వస్తున్నాడు. కాస్త ముందు దళం దుబాసీ షార్బొనో, అతని భార్య సకాగవియా. ఉన్నట్టుండి ఇద్దరూ సంతోషంతో గంతులేశారనీ, వీళ్ళు మా వాళ్ళేనని ఆమె సైగ చేసిందనీ రాసుకున్నాడు. లూయిస్ అప్పటికే షోషోనీల మధ్య ఉన్నాడు. అతను రాసింది ఇంకోలా ఉంది. వచ్చినామె నాయకుడు కామేయవైట్‌కి తోబుట్టువని తేలిందని ఒక్క ముక్కలో చెప్పేసి, ఆ కలయిక నిజంగా మనసును కదిలించిందన్నాడు. ఎవరితో కలయిక? ముఖ్యంగా ఇంకో అమ్మాయితో. చిన్నప్పుడు హిడాట్సా తెగ వాళ్ళు సకాగవియాని ఎత్తుకుపోయినప్పుడు ఆ అమ్మాయి కూడా దొరికిపోయి, తర్వాత తప్పించుకుని సొంత జనం దగ్గరికి చేరుకుంది. లూయిస్ కన్ను అన్న మీద కాదు, ఆ స్నేహితురాలి మీద నిలిచింది. నీ ఇరవై రెండు పేజీల్లో ఆ అమ్మాయి లేనే లేదు!

ఇప్పుడు ఇరవై రోజులు వెనక్కి వెళ్ళు. జూలై 28. మిస్సోరీ మూడు పాయలు కలిసే చోట మకాం. హిడాట్సా వాళ్ళు మీద పడ్డప్పుడు ఆమె జనం మకాం సరిగ్గా అక్కడే, ఆమెను పట్టుకుంది అక్కడికి కాస్త దూరంలో. లూయిస్ అదంతా రాసి, చివర్లో ఏమన్నాడో చూడు: ఆ సంగతి తలుచుకున్నందుకు దుఃఖం గానీ, సొంత నేలకు వచ్చినందుకు సంతోషం గానీ ఆమెలో నాకేమీ కనబడలేదు, కడుపు నిండా తిండి, పెట్టుకోవడానికి నాలుగు పూసలూ ఉంటే ఎక్కడైనా హాయిగా ఉండేట్టుంది అన్నాడు. ఆ చెయ్యే మూడు వారాలు తిరక్కుండా మనసు కదిలించిందని రాసింది. ఆమె మాట అతని చెవికి చేరాలంటే మధ్యలో ఇద్దరు మనుషులు కావాలి. ఆమె హిడాట్సాలో చెప్తే షార్బొనో ఫ్రెంచిలోకి మార్చాలి, దాన్ని లబీష్ అనే అతను ఇంగ్లీషులోకి మార్చాలి. అలాంటి చోట ఆమెకు దుఃఖం లేదని తేల్చేశాడు మహానుభావుడు. ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెడితే చాలు, నీ కథ అక్కడే ఉంది. దుప్పటి అక్కర్లేదు.

ఇంకో సంగతి. నీ కథలో ఆమె మూడు పేజీల పాటు గలగలా మాట్లాడుతుంది. కాగితాల్లో ఆమెకు చాలాసార్లు పేరు కూడా లేదు. 1805 ఫిబ్రవరి 11న, మాండన్ కోటలో, ఆమెకు కొడుకు పుట్టాడు. షార్బొనో భార్యల్లో ఒకామె మగబిడ్డను కన్నదని లూయిస్ రాశాడు. కాన్పు కష్టమవుతుంటే, గిలక పాము తోక గిలకలోంచి రెండు ఉంగరాలు చిదిపి నీళ్ళలో కలిపి తాగించారట. పది నిమిషాల్లో కాన్పయిందట. అది మందు మహిమో కాదో తేల్చనని అన్నాడు. అంత వివరం రాసిన మనిషి పేరు రాయలేదు. ఏడేళ్ళకు, 1812 డిసెంబర్ 20న, మాన్యుయెల్ కోటలో లట్టిగ్ అనే గుమాస్తా తన చిట్టాలో ఎక్కించుకున్నాడు: షార్బొనో భార్య, షోషోనీ మనిషి, జ్వరంతో పోయింది, కోటలో ఉన్న ఆడవాళ్ళందరిలోకీ మంచిది, వయసు పాతిక ఉంటుంది. ఇక్కడా పేరు లేదు. ఆ పేరు లేకపోవడం వల్లే, చనిపోయింది ఇంకో భార్య అనీ, సకాగవియా 1884 దాకా వయోమింగ్‌లో బతికిందనీ వాదించేవాళ్ళు పుట్టారు. క్లార్క్ 1820ల్లో తన దళం వాళ్ళ జాబితా రాసుకుంటూ ఆమె పేరు పక్కన "చనిపోయింది" అని పెట్టాడు. నాకు ఆ ఒక్క మాట చాలు. నీకు చాలకపోతే వాదన రెండువైపులా చెప్పు. జీతాల లెక్కలో మాత్రం షార్బొనోకి 500 డాలర్ల 33 సెంట్లు, ఆ పైన సెంటులో మూడో వంతు కూడా వదలకుండా రాశారు. ఆమెకు ఏమీ లేదు. క్లార్క్ బానిస యార్క్‌కి కూడా ఏమీ లేదు. వాళ్ళతో పాటు పసిఫిక్ దాకా వెళ్ళొచ్చిన ఆ మనిషిని కొట్టానని క్లార్క్ 1809లో అన్నకు రాసిన ఉత్తరం ఉంది. అది చదివాక పడవల ఘట్టం మళ్ళీ చదువు, నీ వాక్యం మారుతుంది.

నకలు చూసి రాసేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ముప్పయ్యేళ్ళ కిందట ఒక నవల కోసం మా పక్క ఊరి కైఫీయతు జిరాక్స్ తెప్పించుకున్నాను. నీకు తెలుసుగా, మెకంజీ దొర కోసం కావలి సోదరులు, వాళ్ళ మనుషులూ ఊరూరా తిరిగి సేకరించిన చరిత్రలు. లూయిస్ సామాను సర్దుకుంటున్న 1803లోనే బొర్రయ్య చనిపోయాడు, తమ్ముడు లక్ష్మయ్య ఆ పని మీదేసుకున్నాడు. ఆ జిరాక్సులో చెరువు ఫలానా నాయకుడు తవ్వించాడని ఉంది. నవల్లో అలాగే రాశాను. పుస్తకం వచ్చాక సభలో ఒక రైతు లేచి, "అయ్యా, ఆ చెరువు ఆయన తాతలనాటికే ఉందండీ" అన్నాడు. తీరా వెళ్ళి ప్రతి చూస్తే, పక్క అంచులో సన్నగా "అని వాడిక" అని రాసుంది. జిరాక్స్ తీసినవాడు అంచు కోసేశాడు. నేను మూలం అనుకున్న ఆ ప్రతి కూడా మూలం కాదు, బ్రౌన్ దొర 1840ల్లో శిథిలమైపోతున్నాయని తిరిగి రాయించిన వాటిలోది. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ నకళ్ళ గొడవ జెఫర్సన్‌కి ముందే తెలుసు. 1803 జూన్ 20న లూయిస్‌కి ఇచ్చిన ఆదేశాల్లో, రాసినవాటికి నకళ్ళు తీయించి నమ్మకమైనవాళ్ళ చేతుల్లో పెట్టమన్నాడు. ఒక నకలు బూర్జ చెట్టు బెరడు మీద రాస్తే ఇంకా మంచిదట, తేమకు మామూలు కాగితమంత త్వరగా పాడవదట. మన పెద్దవాళ్ళు భూర్జపత్రం అన్నది ఇదే జాతి!

ఒకే మనిషి, ఒకే రోజుకు రెండు ప్రతులు కూడా రాస్తాడు. 1805 నవంబర్ 7న క్లార్క్ ఎల్క్ అనే దుప్పి తోలు అట్ట వేసిన చిత్తు పుస్తకంలో సముద్రం కనబడిందోచ్ అన్నట్టు రెండు ముక్కలు గిలికాడు. శుభ్రప్రతిలో అదే మాటను పెద్ద వాక్యంగా సాగదీశాడు. నిజానికి వాళ్ళు చూసింది సముద్రం కాదు, కొలంబియా నది ముఖద్వారం, ఇంకా ఇరవై మైళ్ళు పోవాలి. నువ్వు అక్కడ "పాపం, వాళ్ళకు తెలియదు" అని ఒక వాక్యం పెట్టావు. కొట్టెయ్యి. ఆ రాత్రి శిబిరంలో అది సముద్రమే.

చిన్న మాట. క్లార్క్ స్పెల్లింగులు ఘోరంగా ఉంటాయి, ఒక్క సూ తెగ పేరునే ఇరవైకి పైగా రకాలుగా రాశాడు. అది తెలుగులో చూపించాలని అతని నోట ఏ జిల్లా యాసో పెట్టకు. ఆ జిల్లావాళ్ళను చదువురానివాళ్ళను చేసినట్టవుతుంది. మామూలు తెలుగులో రాసి, తప్పుల సంగతి ఒకచోట చెప్పేస్తే సరిపోతుంది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్ళు 13 సంపుటాల్లో ఆ తప్పులతో సహా అచ్చేశారు. బిడిల్‌ని పక్కనబెట్టి అది పట్టుకో.

నాకో పని కూడా చేసిపెట్టు. 1806 ఫిబ్రవరి 24న క్లాట్‌సాప్ కోటలో, వానలో కూర్చుని, లూయిస్ ఒక చిన్న చేప బొమ్మ వేశాడు. కొవ్వెక్కువ చేప. పుల్లకు వరసగా గుచ్చి ఉన్నదున్నట్టు కాలిస్తే, పులుసూ మసాలా ఏమీ అక్కర్లేదట. అంత రుచైన చేప తానెప్పుడూ తినలేదట. బొమ్మ అచ్చంగా చేపంత సైజులోనే వేశానని కూడా రాశాడు. మనవడు తీసిచ్చిన ప్రింటు మీద స్కేలు పెట్టి కొలిచాను, మూడంగుళాలు దాటలేదు. ప్రింటరు కాగితానికి సరిపోయేట్టు కుదించేసింది. అసలు నోటుబుక్కు ఫిలడెల్ఫియాలో అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ దగ్గర ఉంది. మీ లైబ్రరీలో అసలు కొలతల్లోనే అచ్చువేసిన ప్రతి ఏదైనా ఉందేమో అడిగి, స్కేలు పెట్టి ఆ చేప ఎన్ని అంగుళాలుందో కొలిచి రాయి.

ఆశీస్సులతో,
మాస్టారు