ఆమేన్ అన్న తర్వాత

అమ్మలూ,

నీ మెసేజ్ నిన్న రాత్రి చదివాను. ఫోన్‌లో పొడుగ్గా టైప్ చేయడం నా వల్ల కాదు, అక్షరం వెతుక్కునేలోపు చెప్పాలనుకున్నది మర్చిపోతాను. అందుకే కాగితం మీద రాసి, పక్కింటి కుర్రాడితో ఫోటో తీయించి పంపుతున్నాను. తీరిగ్గా చదువుకో.

అల్లుడి ఉద్యోగం పోయిన సంగతి మీ అమ్మ ముందే చెప్పింది. నువ్వడిగింది మాత్రం వేరు. "పెద్దమ్మా, పొద్దునా రాత్రీ ప్రార్థన చేస్తున్నా. మోకాళ్ల మీద నుంచి లేచేసరికి మళ్లీ అదే టెన్షన్. నాకు విశ్వాసం లేనట్టేనా?" అన్నావు.

గుండె దడ వేరు, అపనమ్మకం వేరు తల్లీ. ఏళ్ల తరబడి నర్సుగా జనం నాడి పట్టుకుని చూసినదాన్ని చెబుతున్నా. ఈఎంఐ తారీఖు దగ్గర పడుతుంటే దడ రావడం శరీరం చేసే పని. సిలువ వేయడానికి ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రార్థిస్తున్నప్పుడు యేసయ్య చెమట రక్తబిందువుల్లా పడిందని లూకా రాశాడు. ఆయన తండ్రిని నమ్మలేదని ఎవరైనా అంటారా? మార్కు సువార్త 9వ అధ్యాయంలో జబ్బుపడ్డ కొడుకుని తీసుకొచ్చిన తండ్రి ఉన్నాడు చూడు. నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యి అని రెండూ ఒక్క ఊపిరిలోనే అడిగాడు. ముందు వెళ్లి నీ నమ్మకం సరిచేసుకుని రా అని యేసయ్య తిప్పి పంపలేదు. ఆ పిల్లవాణ్ని బాగుచేశాడు.

నమ్మకం ఉందో లేదో తెలిసేది ఆమేన్ అన్న తర్వాతే. లేచి ఏం చేస్తున్నావో చూసుకో.

సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయం మళ్లీ ఒకసారి చదువు. షిలోహు మందిరంలో పిల్లల్లేని హన్నా పెదవులు మాత్రం కదుపుతూ ప్రార్థిస్తుంటే యాజకుడు ఏలీ ఆవిడ తాగి వచ్చిందనుకున్నాడు. మన కూడికల్లో ఎప్పుడూ ఆ ఏడుపు గురించీ, తర్వాత పుట్టిన సమూయేలు గురించీ చెబుతారు. మధ్యలో 18వ వచనం ఉంది, దాన్ని దాటేస్తారు. ఆవిడ తన దారిన వెళ్లి భోజనం చేసింది, ఆ తర్వాత "దుఃఖముఖిగా నుండుట మానెను" అని ఉంటుంది. అప్పటికింకా కడుపు పండలేదు. సవతి పెనిన్నా ఇంట్లోనే ఉంది, దెప్పిపొడుపులు ఆగి ఉంటాయని నేననుకోను. ఒక్కటీ మారకముందే ఆవిడ అన్నం తిన్నది. నువ్వు రాత్రిళ్లు సరిగా తినట్లేదట కదా? ఇవాళ్టి నుంచి ప్రార్థన అవ్వగానే కంచం పెట్టుకుని కూర్చో. ఇప్పుడు నువ్వున్న స్థితిలో ఉపవాసం కన్నా అదే ఎక్కువ అనుకుంటాను నేను. మీ పాస్టరు అయ్యగారు ఒప్పుకుంటారో లేదో మరి.

ఇక ప్రార్థన చేసే తీరు. నువ్వు రాసింది చూస్తే, "ప్రభువా మా కుటుంబాన్ని ఆశీర్వదించు, మా అవసరతలన్నీ తీర్చు" అని మొత్తం ఒక మూటలో చుట్టేస్తున్నట్టుంది. అలా చుట్టేస్తే మనసు తేలిక పడదు. ఏది అప్పగించామో మనకే తెలియదు కదా.

యూదా రాజు హిజ్కియా చేసింది చూడు. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా పట్టణాలన్నీ పట్టుకుని, యెరూషలేము మీదికి వస్తూ ఒక బెదిరింపు ఉత్తరం పంపాడు. హిజ్కియా ఆ ఉత్తరం చదివి, మందిరానికి తీసుకెళ్లి, దేవుని ముందు విప్పి పరిచాడు. రాజులు రెండవ గ్రంథం 19వ అధ్యాయం. దేవుడికి అందులో ఏముందో తెలియక కాదుగా! తర్వాత చేసిన ప్రార్థన చదివితే అర్థమవుతుంది. అష్షూరు రాజులు దేశదేశాలనూ పాడుచేసిన మాట నిజమే అని ఉన్నదున్నట్టు ఒప్పుకుంటాడు. అంతా బాగానే ఉందని నటించలేదు. ఆ తర్వాతే రక్షించమని అడిగాడు.

మీరిద్దరూ అలాగే చేయండి. బుజ్జిది పడుకున్నాక డైనింగ్ టేబుల్ తుడిచి, ఇంటి లోన్ స్టేట్‌మెంటు, స్కూలు ఫీజు కాగితం, క్రెడిట్ కార్డు బిల్లు, కంపెనీ ఇచ్చిన రిలీవింగ్ లెటర్, అన్నీ పరవండి. ఒక్కోదాని మీద చెయ్యి పెట్టి దాని సంగతే చెప్పండి. "ప్రభువా, ఇది వచ్చే నెల కట్టాలి. మా దగ్గర ఇంత ఉంది, ఇంత తక్కువ పడుతోంది." అంతే. సంఘంలో పెద్దలు "సర్వోన్నతుడవైన మా పరలోకపు తండ్రీ" అని ఎత్తుకుంటే వినడానికి గంభీరంగా ఉంటుంది. ఇంట్లో మాత్రం మీ నాన్నతో మాట్లాడినట్టు మాట్లాడు. కోపం ఉంటే కోపం కూడా చెప్పు. 13వ కీర్తన "ఎన్నాళ్లవరకు" అన్న ఫిర్యాదుతో మొదలవుతుంది. 88వ కీర్తన అయితే చివరిదాకా చీకట్లోనే ఉండి చీకట్లోనే ఆగిపోతుంది, అయినా దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసెయ్యలేదు. అల్లుడికి పైకి ప్రార్థించడం మొహమాటమైతే పక్కన కూర్చుని ఆమేన్ అంటే చాలు, బలవంతపెట్టకు.

నేను చేసిన మిషన్ ఆస్పత్రి గురించి నీకు చిన్నప్పుడు చాలా చెప్పాను గానీ థియేటర్ సంగతి చెప్పినట్టు గుర్తులేదు. ఆపరేషన్‌కి ముందు మా సర్జన్ అమ్మగారు పేషెంటు పక్కన నిలబడి, మాస్కు వెనకాలే రెండు మాటల ప్రార్థన చేసేవారు. పేషెంటు ఏ మతమైనా సరే, ముందే అడిగి, పేరు పెట్టి చేసేవారు. అందరం ఆమేన్ అనేవాళ్లం. వెంటనే గాజ్ లెక్క, అంటే రక్తం అద్దే గుడ్డ ముక్కల లెక్క. స్క్రబ్ నర్సు ఒక్కో ముక్కా విడదీస్తూ పైకి లెక్కపెడుతుంటే ఇంకో నర్సు బోర్డు మీద రాసేది. కడుపు మూసే ముందు మళ్లీ లెక్క. ట్రాలీ మీద మిగిలినవి, బకెట్లో పడేసిన రక్తపు ముక్కలు, సూదులు, కత్తెర్లు, అన్నీ. ఒక్క ముక్క తేడా వచ్చిందంటే కుట్లు ఆగేవి. బకెట్ బోర్లించి, నేల మీద వంగి, ట్రాలీ కింద వెతికేవాళ్లం. దొరికేదాకా ఆవిడ చేతులు కట్టుకుని అలాగే నిలబడేవారు. ప్రార్థన చేశాం కదా, కుట్టేద్దాం అని ఏనాడూ అనలేదు. ఆ గదిలో ప్రార్థన వల్ల మాకు వచ్చింది నిదానం. చేతులు వణక్కుండా లెక్కపెట్టగలిగేవాళ్లం.

హిజ్కియా కూడా అదే బాపతు. ఉత్తరం పరిచిన ఆ రాజే, శత్రువులకు నీళ్లు దొరక్కుండా ఊరి బయటి ఊటలు పూడ్పించాడు, నీళ్లు పట్టణంలోకి వచ్చేలా కొండ తొలిపించాడు. యెరూషలేములో ఆ సొరంగం ఇప్పటికీ ఉంది. 500 మీటర్లు దాటిన పొడవు, యాత్రకు వెళ్లినవాళ్లు లోపల నీళ్లలో నడిచి వస్తారు. ఆయనకే ప్రాణం మీదికి జబ్బు వచ్చినప్పుడు ప్రార్థిస్తే దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు ఇచ్చాడు. ఆ కబురు తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వేయమన్నాడు. నర్సుని కదా, బైబిల్లో నాకు భలే ఇష్టమైన చోటు అది.

మీ ఇంట్లో లెక్క చూసుకోవాల్సినవి నాకు తోచినంతవరకు చెబుతా. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా సాధారణంగా ఉద్యోగంతోనే పోతుంది, కాబట్టి సొంత పాలసీ సంగతి ఈ వారమే చూడండి. ఒక్క వాయిదా కూడా తప్పకముందే బ్యాంకుకి వెళ్లి మేనేజర్‌తో మాట్లాడండి. తప్పాక వెళ్తే వాళ్ల మాట తీరే వేరుగా ఉంటుంది. ఫోన్‌లో నిమిషాల్లో అప్పిస్తామనే యాప్‌ల జోలికి మాత్రం చచ్చినా వెళ్లొద్దు. గాజులు తాకట్టు పెట్టాల్సి వస్తే బ్యాంకులో పెట్టండి, అది విశ్వాసం తగ్గడం అనుకోకు. అల్లుడు రోజూ ఒక టైము పెట్టుకుని ఉద్యోగాలకు అప్లై చేయాలి, మిగతా టైములో ఆ లాప్‌టాప్ మూసెయ్యాలి. మూసెయ్యడం కూడా నమ్మకమే.

నీ మెసేజ్‌లో ఒక ముక్క చదివితే నవ్వొచ్చింది, కాస్త కోపమూ వచ్చింది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నీకు వచ్చిన వాగ్దాన కార్డులో "తలగా నియమించును గాని తోకగా నియమింపడు" అని ఉందట, మరి ఇలా ఎందుకైంది అని. వచనం దేవునిదే తల్లీ, కాదనను. ఆ కార్డు బుట్టలోంచి నీ చేతికి రావడం మాత్రం లాటరీ. ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలో ఆ మాట ఇశ్రాయేలు జనాంగమంతటికీ చెప్పింది, ఆజ్ఞలు పాటిస్తే అన్న షరతుతో. పైనుంచి కిందిదాకా చదివితే అది మన ఇంటి జాతకం కాదని నీకే తెలుస్తుంది. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టడం కూడా మానెయ్. వరసగా చదువు, రోజుకొక కీర్తన చాలు.

మొక్కుల దగ్గరా జాగ్రత్త. "ఉద్యోగం వస్తే మొదటి జీతం మొత్తం ఇస్తాను" అనకు. భయంలో ఇచ్చిన మాట తర్వాత మెడకు చుట్టుకుంటుంది. విత్తన కానుక పంపితే నూరంతలు వస్తుందని టీవీలో చెప్పేవాళ్ల నంబరు మీ అత్తగారు రాసుకున్నారన్నావు. పెద్దావిడతో వాదించకు, డబ్బు మాత్రం పంపకు. జీతం లేని నెలలో దేవుడికిచ్చే దశమభాగం, అదే పదోవంతు, దేని మీద లెక్కేయాలని అడిగావు. వచ్చినదాని మీద లెక్కేస్తారు, రానిదాని మీద కాదు. ఉన్న రెండు కాసులూ కానుకగా వేసేసిన విధవరాలి కథ చెప్పి నిన్నెవరైనా ఇబ్బంది పెడితే, మా పెద్దమ్మతో మాట్లాడండి అని నా నంబరు ఇవ్వు.

త్వరలోనే ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. మీ పెద్దనాన్న డయాలసిస్ మీద ఉన్నన్నాళ్లూ సంఘమంతా ప్రార్థించింది. నేనూ ప్రార్థించాను, మందులూ టైముకి ఇచ్చాను. ఆయన దక్కలేదు. ఎందుకు అంటే నా దగ్గర జవాబు లేదు, ఎవరైనా జవాబు చెప్పబోతే ఇప్పటికీ విసుగొస్తుంది. అపొస్తలుడు పౌలు తన శరీరంలో ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, దేవుడు తియ్యలేదు, నా కృప నీకు చాలును అన్నాడు. ఆ మాట మొదటి ఏడాది నాకు ఏమాత్రం ఊరటనివ్వలేదు. మీ పెద్దనాన్న పోయాక కూడా నేను రాత్రి కూర్చుని దేవుడితో మాట్లాడుతూనే ఉన్నాను, కొన్నాళ్లు ఏమీ అడగకుండా, ఊరికే పోట్లాడుతూ. అలా పోట్లాడటానికైనా ఎదురుగా ఎవరో ఉన్నారన్నది నాకు ఎప్పుడూ పోలేదు. నా విశ్వాసం అంటే అంతే, అంతకంటే గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

కొన్నిటికి టైము పడుతుంది, అదొకటి. గుంటూరులో ఆడవాళ్లకు వైద్యం చేయడానికి డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికా నుంచి 1883లో వచ్చారు. ఆస్పత్రి తెరిచింది 1898లో. మధ్యలో 15 ఏళ్లు. ఆస్పత్రి వచ్చేదాకా అని ఆవిడ చేతులు ముడుచుకుని కూర్చోలేదు, ఉన్నచోటే వైద్యం చేశారు. మీకు 15 ఏళ్లు పడుతుందని భయపెట్టడం లేదులే!

చివరగా, సంఘంలో ఎవరికీ చెప్పొద్దని అల్లుడు పట్టుబట్టి ఆదివారాలు కూడా రావడం మానేశాడన్నావు. మగవాళ్లకి ఉద్యోగం పోతే పరువు పోయినట్టు ఉంటుంది, నేను అర్థం చేసుకోగలను. అందరికీ చెప్పక్కర్లేదు. ప్రార్థన విన్నపం అని గ్రూపులో పెడితే సాయంత్రానికి అది ఊళ్లో వార్త అవుతుంది. ఇద్దరికి చెప్పండి, నోరు జారనివాళ్లకి. పాస్టరమ్మగారికి ఒకరికి, అల్లుడి ఫీల్డులోనే పనిచేసే సంఘస్తుడు ఎవరైనా ఉంటే ఆయనొకరికి. "ప్రార్థనలో పెడతాం" అన్నాక ఎవరైనా రెజ్యూమే పంపమని అడిగితే మొహమాటపడకుండా ఆ రాత్రే పంపమను. అడగకపోతే మీరే అడగండి.

శుక్రవారం మా స్త్రీల కూడికలో మీ పేర్లు చెప్పకుండా ప్రార్థన చేయిస్తాను. ఆర్టీసీ కార్గోలో గోంగూర పచ్చడి, కందిపొడి వేశాను, రసీదు ఈ ఫోటోల వెనకాలే వస్తుంది. రేపు సాయంత్రంలోగా అల్లుణ్ని వెళ్లి తెచ్చుకోమను. ఆలస్యమైతే డబ్బా మూత ఊడి నూనె కారుతుంది.

మీ పెద్దమ్మ