కొనని ఏడాది మొదలుపెట్టే ముందు

చిట్టీ,

ఏడాదంతా కొత్త బట్టలు కొననని ఒట్టు పెట్టుకున్నావని మీ అమ్మ చెప్పింది. మా చిట్టేనా అని ఎంత మురిసిపోయానో! కానీ నువ్వు పంపిన లిస్టు చూడగానే గుండె గుభేలుమంది. వెదురు బ్రష్షులు, డజను గాజు సీసాలు, నాలుగు ఖాదీ కుర్తాలు. కొనడం మానెయ్యడానికి ఇంత కొనాలా తల్లీ?

షాపింగ్ యాప్‌లు తీసెయ్యి. ఏదైనా కావాలనిపిస్తే కాగితం మీద రాసుకుని నెల ఆగు. ఇవి నీకూ తెలుసు. నేను చెప్పాలనుకున్నది వేరే.

1994లో ఖాదీ నేసే పొందూరు వెళ్లాను. ఒకావిడ వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతుంటే పక్కన కూర్చుని చాలాసేపు చూశాను. చెత్తంతా ఆ సన్నటి పళ్లకి పట్టుకుని, తెల్లటి దూది విడివడి వచ్చేది. ఇంటికొచ్చి, ఇక మిల్లుబట్ట ముట్టనన్నాను. అంతటితో ఆగానా, బీరువాలో ఉన్న నైలాన్ చీరలన్నీ మూటగట్టి, పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడకి వేసేశాను. ఒక బేసిన్ ఇచ్చింది. ఆ మూటలో మీ అమ్మమ్మ నీలం పూల చీర కూడా ఉంది, కొంగు దగ్గర పిన్నీసు తుప్పు మరక ఉండేది. తర్వాత గాంధీ జయంతికి రిబేటు పెడితే చీటీ డబ్బులతో ఎనిమిది నేత చీరలు కొన్నాను. ఆ అప్పు తీరడానికి ఏడాది పట్టింది.

నేను ఆ చీరలు కట్టుకుని మీటింగులకి వెళ్లేదాన్ని. వాటికి గంజి పెట్టి, దులిపి, నీడన ఆరేసి, అంచులు లాగి మడతపెట్టింది మాత్రం మీ అమ్మమ్మ. నైలాన్ అంటే ఆవిడకి ఎందుకంత ఇష్టమో నేనెప్పుడూ అడగలేదు. గంజి అక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు, ఆరేసిన గంటలో కట్టుకోవచ్చు. పొద్దున్నే నాలుగింటికి లేచే మనిషికి అదెంత సాయమో! "నా నీలం చీర కనబడట్లేదే" అని రెండ్రోజులు వెతికింది. నేను చెప్పాక ఒక్క మాటా అనలేదు, ఆ బేసిన్‌లోనే బియ్యం కడిగింది.

నువ్వు గొప్పగా చెప్పే 'ఏమీ కొనని రోజు' ఉంది చూడు, 1992లో కెనడాలో మొదలైంది. దాన్ని నెత్తికెత్తుకున్న యాడ్‌బస్టర్స్ పత్రిక తర్వాత పెద్ద కంపెనీలకి పోటీగా తనే బూట్లు అమ్మింది. వాళ్ల మనసు మంచిదే అనుకుంటాను. కానీ కొనడం వద్దనుకునేవాళ్ల కోసం కూడా ఎక్కడో ఒక కొట్టు తెరిచే ఉంటుంది చిట్టీ, అక్కడ మనకి నచ్చిన మాటలే మనకి అమ్ముతారు, నాకు అదే భయం. నేతవాళ్ల దగ్గర కొనొద్దని కాదు, వాళ్లూ బతకాలి. ఉన్నది చిరిగాక కొను, ఒక్కటి కొను.

ఇంట్లో ప్లాస్టిక్ డబ్బాలు పారెయ్యకు, మూత ఉన్నంతకాలం పప్పులు పోసుకోవచ్చు. ఖాదీ కట్టుకున్న రోజు నీ గంజి నువ్వే పెట్టుకో, మీ అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయో చూస్తున్నావుగా. తను విసుక్కుంటే ఎదురు చెప్పకు.

సంక్రాంతికి ఉత్త చేతులతో రా. అప్పటి పొందూరు చీర ఒకటి మిగిలింది, ఒక పక్క అంచు పోయింది కానీ బట్ట గట్టిగానే ఉంది. మన వీధి చివర దర్జీకి ఇచ్చి కుర్తా కుట్టిద్దాం. కొలతలకి నీ పాతది ఒకటి పట్రా.

పెద్దమ్మ