పదమూడో నెల అద్దె ఎవరు కట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయి కెనడాలో, ఆంటారియోలో ఉంటోంది. ఐదుగురు స్నేహితులు కలిసి ఒక సిరియా శరణార్థి కుటుంబానికి స్పాన్సర్లుగా ఎప్పుడో దరఖాస్తు పెట్టారట. భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు వచ్చే నెల దిగుతున్నారు. ఏమేం సిద్ధం చేసుకోవాలి? వస్త్రలతలో బట్టలు కొని పంపమంటారా?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: బట్టలు పంపకండమ్మా. అక్కడి చలికి మన నూలు బట్టలు ఆగవు. కోట్లు, బూట్లు మనుషులు వచ్చాక కొలత చూసి కొనాల్సిందే.

ముందు తేల్చుకోవాల్సింది ఇల్లు. ఆ కుటుంబాన్ని పోషించి, నిలదొక్కుకునేలా చూసే స్పాన్సర్ల బాధ్యత 12 నెలలు. ముచ్చటపడి పెద్ద ఇల్లు తీసుకుంటే 13వ నెలలో ఆ అద్దె తండ్రి మొదటి జీతానికి అందదు. ఇల్లు మారాలి, పిల్లల బడి మారాలి. అప్పుడప్పుడే కుదురుకున్న సంసారం మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే అద్దె రేపు వాళ్ళు కట్టుకోగలిగినంతే ఉండాలి.

దిగగానే వాళ్ళు శాశ్వత నివాసులే, ఉద్యోగానికి వేరే పర్మిట్ అక్కర్లేదు. మొదటి వారంలోనే సర్వీస్ కెనడా అనే ప్రభుత్వ ఆఫీసులో, ఉద్యోగానికి తప్పనిసరైన సోషల్ ఇన్సూరెన్స్ నంబరు తీసుకోవాలి. ఆ వెంటనే బ్యాంకు ఖాతా, ఆరోగ్య కార్డు, పిల్లల పోషణకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే కెనడా చైల్డ్ బెనిఫిట్ దరఖాస్తు. ఖాతా వాళ్ళ పేరు మీదే తెరిపించి, నెల డబ్బు అందులో వేసి, ఖర్చు వాళ్ళకే వదలాలి. ప్రతి బిల్లుకీ లెక్క అడిగితే ఆ ఇంటిపెద్ద తలెత్తుకోలేడు. ఇచ్చింది తిరిగి అడగడం నిబంధనలకే విరుద్ధం.

ప్రయాణానికి ప్రభుత్వం దగ్గర అప్పు తీసుకుని ఉంటే వడ్డీ ఉండదు కానీ తీర్చాల్సింది వాళ్ళే. ఆ సంగతి మొదట్లోనే చెప్పండి, లేకపోతే నోటీసు చూసి హడలిపోతారు.

అన్నిటికన్నా జాగ్రత్తపడాల్సిన గడువు ఒకటుంది. ఇంకో బిడ్డ టర్కీలోనో లెబనాన్‌లోనో ఉండిపోతే, మొదటి దరఖాస్తులో ఆ బిడ్డ పేరు రాసి ఉంటే, దిగిన రోజు నుంచి ఏడాదిలోపు పిలిపించుకునే అర్జీ పెట్టాలి. అన్నదమ్ములకు, తల్లిదండ్రులకు ఈ వెసులుబాటు లేదు. వచ్చిన వారంలోనే అడిగి కనుక్కోమనండి.

ఇంగ్లీషు తరగతులు ఉచితం. ముందు స్థాయి పరీక్షకు పేరు ఇవ్వాలి. తల్లి ఇంట్లోనే ఉండిపోకుండా, పిల్లల్ని చూసుకునే ఏర్పాటున్న కేంద్రం వెతకాలి. ఆస్పత్రిలో మాత్రం తల్లి మాటలు పిల్లల చేత ఇంగ్లీషులో చెప్పించవద్దు. కన్నబిడ్డ ముందు ఆ తల్లి తన బాధ చెప్పుకోలేదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అరబిక్ ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగాలి.