ముందు ఊళ్లో చదివి వినిపించండి

ప్రశ్న: నేను తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం నడిచినప్పుడు మా ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో ముందు నిలబడిన ఆడవాళ్లను కలిసి, వాళ్లు చెప్పిందంతా నోట్‌బుక్కుల్లో రాసుకున్నాను. పుస్తకం చేద్దామని రెండు అధ్యాయాలు రాసి, నోట్‌బుక్కు పేజీల జిరాక్సులతో పంపుతున్నాను. ఒక ప్రచురణకర్త డబ్బు కడితే వెయ్యి కాపీలు వేసిస్తామని, ఐఎస్‌బీఎన్‌తో పాటే కాపీరైట్ కూడా వస్తుందని అంటున్నారు. కట్టమంటారా?
– ఒక పాఠకురాలు, కలిగిరి మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: టీచరు గారూ, ఇప్పుడే కట్టకండి. ఐఎస్‌బీఎన్‌కీ కాపీరైట్‌కీ సంబంధం లేదు. అది పుస్తకానికిచ్చే 13 అంకెల గుర్తింపు సంఖ్య. ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. రచయితే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. కాపీరైట్ అంటారా, మీరు రాసిన రోజే అది మీదైపోయింది. 1957 చట్టం ప్రకారం మీ జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరేమీ కాదు. డబ్బు మీరే పెట్టి, హక్కులు వాళ్లకు రాసిచ్చే కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు.

ఇక అసలు సంగతి. మీ రెండో అధ్యాయం ‘సారా మహమ్మారి వల్ల ఎన్నో కుటుంబాలు చిన్నాభిన్నమయ్యాయి’ అని మొదలైంది. ఆ వాక్యం ఎవరైనా రాయగలరు. జిరాక్సులో ఒకావిడ మాట ఉంది చూడండి: ‘ఆయన గడప తొక్కకముందే పాకెట్టు వాసన వచ్చేది. పిల్లకాయలు లేచి ఎనకింట్లోకి పోయేవాళ్లు.’ చదవగానే ఆ ఇల్లు నా కళ్లకు కట్టింది. దాన్ని అధ్యాయంలోకి ఎందుకు తీసుకోలేదు? ఆమె అన్నది అన్నట్టే, ఆ యాసలోనే ఉంచండి. పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దొద్దు.

ఉద్యమం మొదలైన దూబగుంట గురించి, అక్కడ ముందు నిలబడిన వర్ధినేని రోశమ్మ గారి గురించి చాలామందే రాశారు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా కొట్లు మూయించడం, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం రావడం మన పాఠకులకు తెలిసినవే. దానికి ఒక పేజీ చాలు. సారా వేలంపాట ఆపడానికి పోయిన రోజు పసిపిల్లల్ని ఎవరికి అప్పజెప్పారు? తిరిగొచ్చాక మొగుళ్లు ఏమన్నారు? ఇవి మీ నోట్‌బుక్కుల్లోనే ఉన్నాయి. పుస్తకమంతా వీటికివ్వండి.

ముప్పై ఏళ్లు దాటిన జ్ఞాపకం కాబట్టి తేదీలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆనాటి దినపత్రికల జిల్లా పేజీలతో సరిచూసుకోండి. ఎక్సైజ్ రికార్డుల కోసం సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. రికార్డుకీ ఆవిడ చెప్పినదానికీ పొంతన కుదరకపోతే రెండూ రాయండి, ఆమె మాటను కొట్టేయొద్దు. ఫలానా సారా కాంట్రాక్టరు కొట్టించాడని పేరుపెట్టి రాయాలంటే మాత్రం కేసు కాగితమో, పేపరు వార్తో చేతిలో ఉండాలి.

రాత పూర్తయ్యాక, డీటీపీకి ఇవ్వకముందే, ఎవరి భాగం వాళ్లకు ఇంటికెళ్లి చదివి వినిపించండి. ‘మా ఆయన కొట్టేవాడు’ అని అరుగు మీద కూర్చుని మీతో చెప్పుకోవడం వేరు, అది అచ్చులో రావడం వేరు. ఆ ఇంట్లో ఇప్పుడు కోడలుంది, కాలేజీకెళ్లే మనవరాలుంది. పేరు వద్దంటే మార్చి, మార్చినట్టు ముందుమాటలో చెప్పండి. మొత్తం తీసేయమంటే, పుస్తకానికి అదే ప్రాణమైనా సరే, తీసేయండి. ఈ విషయంలో నేను ఏ రచయితతోనూ రాజీపడను. వినిపించేటప్పుడు, వాళ్లు సరేనంటే, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకోండి. వింటూ వింటూ ‘ఇంకోటి మర్చిపోయా’ అని మొదలుపెడతారు. ఒక్కోసారి పుస్తకానికి కావలసిందంతా అందులోనే ఉంటుంది.

అచ్చు విషయానికొస్తే, ఆఫ్‌సెట్ అచ్చుకు ముందు చేయించే ప్లేట్ల ఖర్చు ఎన్ని కాపీలకైనా ఒకటే కాబట్టి ఎక్కువ వేస్తే ఒక్కో కాపీ చవకవుతుంది, వెయ్యి అనేది అందుకే. అమ్మిపెట్టే ఏర్పాటు లేకపోతే అవి అట్టపెట్టెల్లో మీ ఇంట్లోనే ఉండిపోతాయి. ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ ప్రింటింగ్‌లో వందో రెండొందలో వేయించండి. టైపింగ్ ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో చేయించి ఆ ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి. యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో ఉంటే రేపు ఈ-బుక్కు చేసేటప్పుడు కన్వర్ట్ చేసి, మళ్లీ అంతా ప్రూఫులు దిద్దుకోవాలి.

సొంతంగా వేసుకుంటే ప్రచురణకర్త మీరే. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లోపు కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా, ముంబై సెంట్రల్, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు కాపీలు పంపాలి. అవి పోను, మీతో మాట్లాడిన ప్రతి ఇంటికీ ఒకటి పక్కనపెట్టి, మిగిలినవే అమ్మకానికని లెక్కేసుకోండి.