పాఠకుల ప్రశ్నలు: దోచుకెళ్లిన పటం ఎవరిది?

ప్రశ్న: పోలండ్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు, అక్కడి క్రాకోవ్ మ్యూజియం వాళ్లు యుద్ధంలో పోయిన రఫేల్ చిత్రం కోసం ఖాళీ ఫ్రేము ఉంచారని చెప్పాడు. 80 ఏళ్లు దాటాక కూడా అది వాళ్లదేనా, ఎవరి చేతిలో ఉంటే వాళ్లది కాదా? ఎందుకు అడుగుతున్నానంటే, మా ఊరి తెలుగు గ్రంథాలయంలో ఒక జమీందారుగారి పెద్ద ఆయిల్ పెయింటింగ్ ఉండేది, ఊరు ఒడిశాలో కలవకముందు నుంచీ ఉందనేవారు పెద్దలు. రిపేరని దించారు. ఇప్పుడు ఎక్కడుందంటే తలో మాట చెబుతున్నారు.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: చేతిలో ఉన్నంత మాత్రాన సొంతమైపోదండీ.

మీ మేనల్లుడు చెప్పింది ఇటలీ చిత్రకారుడు రఫేల్ 1513-14 ప్రాంతంలో చెక్క పలక మీద వేసిన ‘యువకుడి చిత్రం’. పొడుగు జుట్టు, తల మీద టోపీ, ఒక భుజం మీదుగా జారిన బొచ్చు వస్త్రం, పక్కన కిటికీ. రఫేల్ తనను తానే గీసుకున్నాడని కొందరంటారు, అది తేలలేదు. 1798లో చార్టొరిస్కీ వంశపు యువరాజు ఇటలీలో కొని పోలండ్ తెచ్చాడు. 1939లో జర్మన్లు వస్తున్నారని ఆ కుటుంబం దీన్ని, డావిన్చీ వేసిన ‘ఎర్మిన్‌తో ఉన్న మహిళ’ను (ఎర్మిన్ అంటే ముంగిసలాంటి చిన్న జంతువు) పోలండ్‌లోనే సియెనియావా అనే ఊళ్లోని తమ భవంతిలో దాచినా నాజీలు కనిపెట్టేశారు. తర్వాత ఇది ఆక్రమిత పోలండ్ గవర్నర్ హాన్స్ ఫ్రాంక్ చేతిలో పడింది. సోవియట్ సేన దగ్గరపడ్డాక 1945 జనవరిలో అతను దోచినవాటితో పారిపోయాడు, మే నెలలో జర్మనీలోని బవేరియాలో అమెరికన్లకు దొరికిపోయాడు. డావిన్చీ చిత్రం దొరికింది, రఫేల్‌ది దొరకలేదు. ఫ్రాంక్‌ను యుద్ధనేరాల విచారణ జరిపి 1946లో న్యూరెంబర్గ్‌లో ఉరి తీశారు.

విద్యకూ కళలకూ చెందిన సంస్థల ఆస్తిని ఆక్రమించిన సైన్యం స్వాధీనం చేసుకోకూడదని యుద్ధంలో పాటించాల్సిన నియమాలపై దేశాలు ఒప్పుకున్న 1907 హేగ్ నిబంధనల్లోనే ఉంది, అంటే అప్పటికే అది నేరం. దొంగసొత్తని తెలియక డబ్బిచ్చి కొన్నవాళ్లకు కొన్ని దేశాల చట్టాలు కొంత రక్షణ ఇస్తాయి, నిజమే. కానీ ఇంత పేరున్న బొమ్మను తెలియక కొన్నానంటే ఎవరు నమ్ముతారు? 2016లో పోలండ్ ప్రభుత్వం ఆ క్రాకోవ్ మ్యూజియంలోని చార్టొరిస్కీ సేకరణ మొత్తాన్ని 10 కోట్ల యూరోలకు కొన్నప్పుడు పోయిన వస్తువుల మీద హక్కు కూడా రాయించుకుంది. ఆశ వదులుకున్నవాళ్లు చేసే పని కాదది.

ఆ హక్కుకు బలం ఎక్కడిదంటారా, యుద్ధానికి ముందు తీసిన ఫొటోలు ఉన్నాయి కాబట్టి. రేపు ఏ అటక మీదో బయటపడినా పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. మీ గ్రంథాలయం విషయంలో నాకు బాధ కలిగించేది ఇదే. అక్కడ ఫొటో తీసి పెట్టుకున్నారా? కొలతలు రాసి ఉన్నాయా? లేకపోతే రేపు ఎవరో తెచ్చి చూపించినా అదే ఇదని నిరూపించడం చాలా కష్టం.

కాబట్టి ముందు పాత వార్షికోత్సవాల గ్రూపు ఫొటోలు, సావనీర్లు వెతకండి. కుర్చీల్లో కూర్చున్న పెద్దల వెనక గోడ మీద ఆ పటం కనిపించే అవకాశం చాలా ఉంది. దండ వేసే మేకు ఎక్కడుంది, ఫ్రేము ఏ మూల విరిగింది, జయంతికి ఎవరైనా పెట్టిన కుంకుమ మరక నుదుట మిగిలిందా, ఇలాంటివన్నీ గుర్తున్నవాళ్ల చేత రాయించి సంతకాలు పెట్టించండి. స్టాక్ రిజిస్టరులో పేజీ ఉంటే జిరాక్స్ తీసుకోండి. కమిటీకి రాతపూర్వకంగా అడగండి, ఎవరు దించారు, ఏ తేదీన, ఎవరికి అప్పగించారు అని. సరైన జవాబు రాకపోతే పోలీసు కంప్లయింట్ ఇవ్వండి. ఊళ్లో మొహమాటాలుంటాయి, తెలుసు, అయినా ఇవ్వండి.

మిగిలిన పటాలకు ఈ వారంలోనే పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ముందూ వెనకా ఫొటోలు తీయండి. వెనక భాగం మరిచిపోవద్దు, పాత చీటీలు, చిత్రకారుడి రాతలు అక్కడే ఉంటాయి. తడిగుడ్డ, కొబ్బరినూనె దగ్గరికి రానివ్వకండి, రంగు ఊడిపోతుంది. వందేళ్లు దాటిన చిత్రమైతే 1972 పురావస్తువుల చట్టం ప్రకారం రిజిస్టరింగ్ అధికారి దగ్గర నమోదు చేయించాలి, కేంద్ర ప్రభుత్వం, అది అధికారమిచ్చిన సంస్థ తప్ప ఇంకెవరు అలాంటిది దేశం దాటించినా నేరం. ఫొటోల కాపీలు ఒక్క బీరువాలోనే పెట్టకుండా ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచండి.