ఇక్కడి డీలర్ దగ్గర కొన్న విదేశీ మోటారు ‘భారతీయ వాటా’ అవుతుందా?

ప్రశ్న: విశాఖపట్నం ఆటోనగర్‌లో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్ ఉంది. ఎగ్జిమ్ బ్యాంక్ లైన్ ఆఫ్ క్రెడిట్ కింద ఆఫ్రికాలోని ఒక దేశంలో తాగునీటి పథకం చేపట్టిన హైదరాబాద్ కంపెనీ మాకు 80 లక్షల రూపాయల పంపు స్కిడ్‌ల (ఉక్కు చట్రం మీద పంపు, మోటారు బిగించిన యూనిట్లు) ఆర్డర్ ఇచ్చింది. వాళ్ల మొత్తం కాంట్రాక్టు విలువ 12 కోట్లు. స్కిడ్‌లకు బిగించిన మోటార్లు, మెకానికల్ సీళ్లు విదేశాల్లో తయారైనవే. కానీ వాటిని మేము ఇక్కడి డీలర్ దగ్గర రూపాయల్లో, జీఎస్‌టీ బిల్లుతో 26 లక్షలకు కొన్నాం. కంట్రోల్ ప్యానెళ్లు దువ్వాడ సెజ్‌లోని ఒక యూనిట్ నుంచి వచ్చాయి. వాటిలో 4 లక్షల విలువైన విడిభాగాలు దిగుమతి చేసుకున్నవని ఆ యూనిట్ వాళ్లే చెప్పారు. ఇప్పుడు ఆ కంపెనీ ‘మా సరుకులో 80 శాతం భారతీయ వాటా ఉంది, తేడా వస్తే పూర్తి బాధ్యత మాదే’ అనే పత్రం పంపి సంతకం చేయమంటోంది. చేయకపోతే పేమెంట్ ఆపుతామంటున్నారు. చేయవచ్చా?

జవాబు: ఆ పత్రం మీద ఇప్పుడున్న రూపంలో సంతకం చేయవద్దు. మీరు చెప్పిన లెక్క ప్రకారం 80 లక్షల్లో 30 లక్షలు విదేశీ సరుకు కనుక మీ భారతీయ వాటా 62.5 శాతమే అవుతుంది. అయితే ఈ అంకె చూసి ఆర్డర్ చేజారిపోతుందని కంగారు పడనవసరం లేదు. అసలు నిబంధన ఏమిటో తెలిస్తే మీకూ, ఆ కంపెనీకీ ఈ అబద్ధంతో పనే లేదని అర్థమవుతుంది.

లైన్ ఆఫ్ క్రెడిట్ అంటే భారత ప్రభుత్వం అండతో ఎగ్జిమ్ బ్యాంక్ విదేశీ ప్రభుత్వానికిచ్చే అప్పు. సరుకు ఓడెక్కి, పత్రాలు బ్యాంకుకు చేరాక డబ్బు ఇక్కడి ఎగుమతిదారుకు చెల్లిస్తారు, ఆ అప్పును తీర్చే బాధ్యత ఆ దేశానిది. మన ప్రజల డబ్బుతో నడిచే ఏర్పాటు కనుక ఆ డబ్బులో సింహభాగం మన కార్ఖానాలకూ, మన కార్మికులకూ చేరాలన్నది దీని ఉద్దేశం. అందుకే ఇటువంటి ఒప్పందాలపై రిజర్వ్ బ్యాంక్ విడుదల చేసే సర్క్యులర్లలో సాధారణంగా ఒకే వాక్యం కనిపిస్తుంది: కాంట్రాక్టు ధరలో కనీసం 75 శాతం విలువైన సరుకులు, సేవలు భారతదేశం నుంచి అందించాలి, మిగిలిన 25 శాతం బయటి దేశాల నుంచి సేకరించుకోవచ్చు. ఈ పద్ధతి మనకొక్కరికే పరిమితం కాదు. అమెరికా ఎగ్జిమ్ బ్యాంక్ తన మధ్యకాలిక, దీర్ఘకాలిక రుణాల్లో కాంట్రాక్టు విలువలో 85 శాతం, అందులోని అమెరికా వాటా, ఈ రెంటిలో ఏది తక్కువైతే అంతవరకే మద్దతు ఇస్తుంది. ఎగుమతులకు రుణ మద్దతు ఇచ్చే బ్రిటన్ ప్రభుత్వ సంస్థ కనీసం 20 శాతం బ్రిటిష్ వాటాతో సరిపెట్టుకుంటుంది. అంకెలు వేరైనా అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే, సరుకు ఎక్కడ పుట్టిందని.

మీ మొదటి సందేహానికి జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. బిల్లు ఎక్కడ రాశారు, ఏ కరెన్సీలో చెల్లించారు, జీఎస్‌టీ కట్టారా లేదా అన్నవి వస్తువు పుట్టుకను మార్చవు. డీలర్ మీకు చేసింది కేవలం అమ్మకం. మోటారుకు ఆయన ఒక్క బోల్టు కూడా బిగించలేదు. మోటారు ఒంటికి రివెట్లతో బిగించిన అల్యూమినియం నేమ్‌ప్లేట్ మీద సీరియల్ నంబర్ పక్కన సాధారణంగా తయారైన దేశం పేరు చెక్కి ఉంటుంది, అట్టపెట్టె మీద దిగుమతిదారు చిరునామా, దేశం పేరు మళ్లీ కనిపిస్తాయి. తనిఖీకి వచ్చినవారు మీ బిల్లుల ఫైలు తెరవకముందే ఆ ప్లేటు దగ్గర వంగి చూస్తారు. ఇలాంటి ఒక కేసులో రివెట్లు ఊడదీసి కొత్త ప్లేటు బిగించిన మోటారును నేను స్వయంగా చూశాను. పాత రివెట్ల రంధ్రాలు కొత్త ప్లేటు అంచు పక్కనే కనిపిస్తున్నాయి. అంతవరకు లెక్కల తేడాగా ఉన్న విషయం ఆ రంధ్రాలతో నేరం కేసుగా మారిపోయింది.

డీలర్ లాభం, కస్టమ్స్ సుంకం వంటివి తీసివేసి వస్తువు అసలు ధరనే విదేశీ వాటాగా చూపవచ్చా అని మీ అకౌంటెంట్ అడగవచ్చు. రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్లలోని ఆ వాక్యం అంత లోతుకు వెళ్లదు. ప్రధాన కాంట్రాక్టులో దీనికి ప్రత్యేక నిర్వచనం ఉంటే దాన్ని అనుసరించాలి, లేకపోతే డీలర్ బిల్లులోని పూర్తి మొత్తాన్ని విదేశీ వాటాలోనే చూపడం మీకు క్షేమం. పది లక్షలను కాగితం మీద ఇటు నుంచి అటు జరిపినంత మాత్రాన మీకు ఒరిగేదేమీ లేదని కింద మీకే తెలుస్తుంది.

దీనికి రెండో వైపు కూడా చూడాలి, ఎందుకంటే భయంతో అవసరానికి మించి తగ్గించి రాసుకునేవారు కూడా ఉన్నారు. మీ స్కిడ్ చట్రానికి వాడిన చానెళ్లు, యాంగిళ్లు మన స్టీల్‌ప్లాంట్‌వి అయితే, ఆ ఉక్కు కోసం కాల్చిన కోకింగ్ బొగ్గు ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఉండవచ్చు. అంతమాత్రాన ఆ చానెల్ విదేశీ సరుకు కాదు. బొగ్గు తన రూపం పోగొట్టుకుని, ఇక్కడ పూర్తిగా కొత్త వస్తువు పుట్టింది. మోటారు సంగతి అలా కాదు. పెట్టెలోంచి ఎలా వచ్చిందో అలాగే మీ స్కిడ్ మీద కూర్చుంది. మీ వెల్డర్ల కూలి, పెయింటింగ్, టెస్టింగ్, షెడ్ ఖర్చులు, మీ లాభం అన్నీ భారతీయ వాటాలోకే వస్తాయి. వాటిని వదిలేయకండి.

సెజ్ విషయంలో చాలామంది పొరబడతారు. ప్రత్యేక ఆర్థిక మండళ్ల చట్టం, 2005లోని 53వ సెక్షన్ సెజ్‌ను కస్టమ్స్ సరిహద్దుకు వెలుపలి ప్రాంతంగా ‘భావించాలి’ అంటుంది, అదీ అక్కడ అనుమతి పొందిన కార్యకలాపాల కోసమే. దువ్వాడ నుంచి సరుకు బయటికి వచ్చేటప్పుడు దిగుమతి మాదిరిగా సుంకం పడేది 30వ సెక్షన్ కింద. ఇవి సుంకాల కోసం చట్టం చేసుకున్న భావనలు. దువ్వాడ భౌగోళికంగా భారతదేశంలోనే ఉంది కనుక అక్కడి కార్మికులు బిగించిన ప్యానెల్ భారతీయ తయారీయేనని నా అభిప్రాయం. అయితే దాని వెంట బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) వస్తుంది కనుక పత్రాలు చూసినవారికి అనుమానం రావడం సహజం. ప్యానెల్‌లో దిగుమతి భాగాలు 4 లక్షలేనని, మిగతాది అక్కడ చేసిన పని అని ఆ యూనిట్ నుంచి లేఖ తీసుకోండి. నోటిమాట చాలదు.

మీకు పంపిన పత్రంలో ‘క్లాస్-1 లోకల్ సప్లయర్’ అనే మాట ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే ఆ నమూనాను తిప్పి పంపండి. కనీసం 50 శాతం స్థానిక వాటా ఉంటే క్లాస్-1, 20 శాతం ఉంటే క్లాస్-2 అనే ఆ విభజన 2017 నాటి మేక్ ఇన్ ఇండియా ప్రాధాన్య కొనుగోళ్ల ఉత్తర్వుది. మన ప్రభుత్వ శాఖలు తమకోసం కొనే సరుకుకు అది వర్తిస్తుంది, విదేశీ ప్రభుత్వానికి ఇచ్చిన రుణంతో జరిగే ఎగుమతికి కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 75 శాతం అనేది ప్రధాన కాంట్రాక్టు మొత్తం మీద లెక్కించాల్సిన అంకె, ఒక్కొక్క సబ్ కాంట్రాక్టర్ తన ముక్కలో విడిగా చూపించాల్సింది కాదు. 12 కోట్లలో 25 శాతం, అంటే 3 కోట్ల రూపాయల విదేశీ సరుకు వాడుకునే వెసులుబాటు ఆ కంపెనీకి నిబంధనే ఇచ్చింది. మీ 30 లక్షలు ఆ 3 కోట్లలో పదో వంతు, మొత్తం కాంట్రాక్టులో 2.5 శాతం. మిగతా సరఫరాదారులు కూడా నిజమే రాస్తే ఆ కంపెనీ సులువుగా కూడి చూసుకోవచ్చు. అందరి చేతా ఒకే ముద్రిత అంకె మీద సంతకాలు చేయించుకుంటే అసలు మొత్తం ఎంతయిందో ఆ కంపెనీకే తెలియకుండా పోతుంది. ఇది గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమే. మీ సరుకులో 80 శాతమే ఉండి తీరాలని మీ పర్చేజ్ ఆర్డర్‌లోనే రాసి ఉంటే మాత్రం అది మీ ఇద్దరి మధ్య విడి షరతు అవుతుంది. ఆ కాగితం వెనుక పేజీలు కూడా ఒకసారి చదవండి.

తెలిసి తప్పు అంకె రాసి, దాని ఆధారంగా బ్యాంకు డబ్బు విడుదలైతే, భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ కింద మోసం ఆరోపణ రావచ్చు, దానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ఆ పత్రం షిప్పింగ్ బిల్లు (ఎగుమతి పత్రం) వెంట కస్టమ్స్‌కు చేరితే కస్టమ్స్ చట్టం 114ఎఎ సెక్షన్ సరుకు విలువకు ఐదు రెట్ల వరకు జరిమానాకు వీలు కల్పిస్తోంది. వీటన్నిటికంటే ముందు మీ మెడకు చుట్టుకునేది ‘పూర్తి బాధ్యత మాదే’ అన్న మాట. కాంట్రాక్టు చట్టం 124వ సెక్షన్ ప్రకారం ఆ మాటను నష్టపూర్తి హామీగా చూపి, ఎగ్జిమ్ బ్యాంక్ ఆపిన మొత్తాన్నంతా 80 లక్షల ఆర్డర్ ఉన్న మీ దగ్గర వసూలు చేయాలని వాళ్లు దావా వేయవచ్చు.

కనుక మీరే ఒక పత్రం తయారు చేయించండి. అందులో సరుకు మొత్తం విలువ, విదేశీ భాగాల పేర్లు, సీరియల్ నంబర్లు, తయారైన దేశం, డీలర్ బిల్లు నంబరు, విలువ రాసి, మిగతా 62.5 శాతం భారతీయ వాటా అని చెప్పి, ‘మాకు తెలిసినంతవరకు, మా సరుకు వరకు మాత్రమే’ అన్న పరిమితి చేర్చండి. చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరణ జత చేస్తే దాని మీద యూడీఐఎన్ నంబరు (ఆ ధ్రువీకరణ అసలుదేనని సరిచూసుకునే గుర్తింపు సంఖ్య) ఉండేలా చూసుకోండి. డీలర్‌ను దిగుమతి నాటి బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు అడగండి. ధరలు కనిపించకుండా ఇచ్చినా ఫరవాలేదు.

నిజం రాసినందుకు పేమెంట్ ఆపితే మీకు దారి ఉంది. మీరు ఆర్డర్‌కు ముందే చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు పోర్టల్ ఉద్యమ్‌లో సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై ఉంటే, ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం, 2006లోని 15వ సెక్షన్ ప్రకారం సరుకు అంగీకరించిన నాటి నుంచి గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే 16వ సెక్షన్ కింద రిజర్వ్ బ్యాంక్ ప్రకటించిన బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా అసలులో కలుస్తూ వస్తుంది. ఇలాంటి బకాయి వివాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు 18వ సెక్షన్ కింద వెళ్లవచ్చు. నమోదు ఆర్డర్ తర్వాత చేయించుకుంటే పాత సరఫరాలకు ఈ రక్షణ వర్తించదని సుప్రీంకోర్టు 2022లో ఒక తీర్పులో చెప్పింది కనుక ముందుగా మీ నమోదు తేదీ చూసుకోండి.

స్కిడ్‌లు ఇంకా మీ షెడ్‌లోనే ఉంటే, చెక్క పెట్టెల్లో మేకులు కొట్టకముందే ప్రతి మోటారు నేమ్‌ప్లేట్‌కూ తేదీతో ఫొటో తీయించి, మీ పత్రాన్ని రిజిస్టర్డ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ పంపండి. సరుకు గేటు దాటేనాటికి ఆ లేఖ వాళ్లకు అందినట్టు రుజువు మీ ఫైల్లో ఉండాలి.