ఎస్సై చెప్పిన టైము రాస్తే తప్పు ఎవరిది?

ప్రశ్న: నేను పోలీస్ కానిస్టేబుల్‌ని. తొమ్మిదేళ్ల సర్వీసు. స్టేషన్‌లో రైటర్‌కు సాయంగా ఉంటాను, జీడీ (స్టేషన్‌లో రోజూ జరిగింది టైముతో సహా రాసే జనరల్ డైరీ) రాతలు ఎక్కువగా నావే. ఈ మధ్య ఒక దొంగతనం కేసులో ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి సోమవారం రాత్రి తీసుకొచ్చారు. బుధవారం పొద్దున బస్టాండు దగ్గర దొరికినట్టు చూపించి రిమాండ్‌కు పంపారు. మధ్యలో నాలుగు దెబ్బలు కూడా పడ్డాయి. జీడీలో బుధవారం టైమే వేయమని, అరెస్టు మెమో మీద సాక్షిగా సంతకం పెట్టమని ఎస్సైగారు నాకే చెప్పారు. చెయ్యి నొప్పిగా ఉందని తప్పించుకున్నాను, ఇంకొకరి చేత రాయించారు. ప్రతిసారీ చెయ్యి నొప్పి అంటే కుదరదు కదా. పై అధికారి చెబితే రాయడం నా డ్యూటీ కాదా? రేపు గొడవైతే ఆయన చెప్పారంటే సరిపోదా? ఆరు నెలల కిందట ఒక కేసులో ఇలాగే రాశాను కూడా. ఆ కేసు ఇప్పుడు ట్రయల్‌కు వస్తోంది. ఇంకో మాట. ఆ కుర్రాడి తల్లి రెండు రోజులూ గేటు బయటే కూర్చుంది. లోపల ఉన్నాడని చెప్పొద్దన్నారు. చెప్పి ఉంటే నా తప్పయ్యేదా? నా పేరు, ఊరు వేయకండి.

జవాబు: ‘ఆయన చెప్పారు’ అంటే సరిపోదు. మీరు అడిగిన వాటిలో తేలిగ్గా తేలిపోయేది ఇదొక్కటే, అందుకే ముందు చెబుతున్నాను. భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 14వ సెక్షన్ (పాత ఐపీసీలో 76) కొంత రక్షణ ఇస్తుంది. అయితే అది చట్టం ప్రకారం చేయాల్సిన పని చేసినవాడికి, లేదా జరిగిన విషయం తెలియక అలా నమ్మి చేసినవాడికి. సోమవారం రాత్రి మీ కళ్ల ముందే స్టేషన్‌లో కూర్చున్న మనిషి బుధవారం బస్టాండులో దొరికాడని రాసి, నమ్మే రాశానని మీరు ఏ జడ్జి ముందు చెప్పగలరు?

ఈ విషయంలో సుప్రీంకోర్టు 2011లో ప్రకాశ్ కదమ్ కేసులో చాలా గట్టిగా మాట్లాడింది. అది ఎన్‌కౌంటర్ కేసు, మీ సంగతి కంటే ఎన్నో రెట్లు పెద్దది. పైవాళ్లు చెప్పారు కాబట్టి చేశాం అనే వాదన చెల్లదని చెబుతూ కోర్టు న్యూరెంబర్గ్ విచారణను గుర్తు చేసింది. అక్కడ నాజీ అధికారులు కూడా ఇదే మాట చెప్పుకున్నారు, ఎవరూ వినలేదు. జీడీలో టైము మార్చడాన్ని దాంతో పోలుస్తున్నానని అనుకోకండి. నేరం చిన్నదైనా పెద్దదైనా, ఆదేశం పేరు చెప్పి తప్పించుకునే దారి మాత్రం ఒకటే, అది మూసే ఉంది.

డ్యూటీ అన్నారు కాబట్టి అదీ చూద్దాం. 1861 నాటి పోలీసు చట్టం 23వ సెక్షన్ పోలీసు వెంటనే పాటించాల్సింది ‘చట్టబద్ధంగా జారీ అయిన’ ఉత్తర్వులను అంటుంది. మన దగ్గర ఆంధ్ర ప్రాంతానికి 1859 నాటి మద్రాసు చట్టం, తెలంగాణకు నిజాం కాలపు ఫస్లీ చట్టం ఉన్నాయి, ఆ సంగతి మీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. చట్టం ఏదైనా సూత్రం మారదు. తప్పుడు టైము రాయమనడం ఉత్తర్వు కిందికే రాదు. రాయనంటే అది క్రమశిక్షణ తప్పడమూ కాదు.

మీ ఉత్తరం చదివితే, టైము మార్చడం కాగితాలు సర్దుకోవడం లాంటి చిన్న పని అని మీ స్టేషన్‌లో అందరూ అనుకుంటున్నట్టు అనిపించింది. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. రాజ్యాంగం 22వ అధికరణ, బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత) 58వ సెక్షన్ కలిపి ఇచ్చిన హామీ 24 గంటలు. ప్రయాణ సమయం తీసేసి ఆ లోగా మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఈ 24 గంటలు ఎప్పుడు మొదలవుతాయి? మెమోలో రాసిన గంట నుంచి కాదు, మనిషి స్వేచ్ఛ పోయిన క్షణం నుంచి. తెలంగాణ హైకోర్టు కూడా 2024లో ఇదే చెప్పింది: లెక్క మొదలయ్యేది అదుపులోకి తీసుకున్నప్పటి నుంచి, పోలీసులు అరెస్టు చూపించినప్పటి నుంచి కాదు.

స్టేషన్‌లో పడ్డ ఆ ఒక్క అంకె అక్కడితో ఆగదు. అదే రిమాండ్ రిపోర్టులోకి వెళ్తుంది. మేజిస్ట్రేట్ దాన్ని చూసి జ్యుడీషియల్ కస్టడీ ఇస్తారు. జైలు వాళ్లు వారంట్ చూసి లోపలికి తీసుకుంటారు. ఛార్జిషీటు గడువులోగా వేయకపోతే వచ్చే బెయిలుకు 60 లేదా 90 రోజుల లెక్క రిమాండ్ రోజు నుంచి నడుస్తుంది కాబట్టి, రిమాండ్ ఆలస్యమైతే అదీ ఆలస్యమవుతుంది. మొదటి కాగితం అబద్ధమైతే పై మూడు చోట్లా నిజాయితీగా పనిచేసేవాళ్లు కూడా తెలియకుండానే అబద్ధం మీద సంతకం పెడతారు. మా వైపూ పెద్ద గొప్పేం లేదు. రిమాండ్ వేళ ‘మిమ్మల్ని కొట్టారా’ అన్న ప్రశ్న ఎంత తొందరగా అడిగి ముగిస్తారో, పక్కన నిలబడ్డ లాయర్లం ఎంత తొందరగా తల ఊపుతామో నేను చాలాసార్లు చూశాను.

మెమో మీద సాక్షి సంతకం గురించి కూడా చెప్పాలి. డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో పెట్టిన నియమమే ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 36లో ఉంది. అరెస్టు మెమోకు సాక్షి ఆ మనిషి కుటుంబ సభ్యుడో, అరెస్టు జరిగిన చోటి గౌరవనీయుడో అయి ఉండాలి. ఆ స్టేషన్ కానిస్టేబులే సాక్షిగా సంతకం పెడితే డిఫెన్సు లాయరుకు పని సగం తగ్గినట్టే.

ఎస్సైగారికి కూడా ఇది లాభం కాదు. దొంగతనం కేసుల్లో ప్రాణం ఎక్కడుంటుందో మీకు తెలుసు: స్వాధీనం పంచనామాలో, అంటే సొత్తు దొరికిన తీరును సాక్షుల ముందు రాసే కాగితంలో. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది సాక్ష్యం కాదు, ఆ మాట వల్ల సొత్తు బయటపడితే ఆ మేరకే చెల్లుతుంది. కుర్రాడు సోమవారం నుంచే మీ చేతిలో ఉన్నాడని ఒక్కసారి బయటపడితే, బుధవారం బస్టాండులో పట్టుకున్నాం, చెప్పాడు, చూపించాడు అనే కథ మొత్తం కూలిపోతుంది. నిజంగా దొంగతనం చేసినవాడు కూడా ఇలాగే శిక్ష తప్పించుకుంటాడు. ఆ తర్వాత కోర్టులు దొంగల్ని వదిలేస్తున్నాయని మీ క్యాంటీన్‌లోనే మాట్లాడుకుంటారు.

అసలు ఈ అబద్ధం ఎలా బయటపడుతుందంటారా? బీఎన్‌ఎస్‌ఎస్ 53 ప్రకారం అరెస్టు తర్వాత పరీక్ష చేసే డాక్టరు గాయాలు రాయడమే కాదు, అవి సుమారు ఎప్పుడు తగిలాయో కూడా రాయాలి. ఆ రిపోర్టు కాపీ అరెస్టయిన మనిషికి అందాలి. బుధవారం పొద్దున దొరికినవాడి ఒంటి మీద రెండు రోజుల నాటి కమిలిన గాయాలుంటే ఇంక చెప్పేదేముంది. డాక్టరు చూసీ చూడనట్టు రాసినా, జైల్లో చేర్చుకునేటప్పుడు అక్కడి వాళ్లు గాయాలు రాసుకుంటారు, తర్వాత తమ మీదికి రాకుండా. స్టేషన్‌లో సీసీ కెమెరాల రికార్డింగు 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో చెప్పింది. కెమెరా పని చేయలేదంటారు, సరే. కుర్రాడి ఫోను సోమవారం రాత్రి ఎక్కడ ఆగిపోయిందో టవర్ చెబుతుంది. ఆ రాత్రి మీ ఫోను ఎక్కడుందో కూడా.

శిక్షల సంగతి. ఎవరికైనా హాని జరుగుతుందని తెలిసి ప్రభుత్వోద్యోగి తప్పుడు పత్రం తయారు చేస్తే బీఎన్‌ఎస్ 201 కింద మూడేళ్ల దాకా జైలు. ఎవరినో శిక్ష నుంచి తప్పించడానికి రికార్డు తప్పుగా రాస్తే 256వ సెక్షన్, అదీ మూడేళ్లే. కోర్టులో ప్రమాణం చేసి దాన్నే నిజమని చెబితే 229, ఏడేళ్ల దాకా. నేరం ఒప్పించడానికి కొట్టడం 120వ సెక్షన్ కిందికి వస్తుంది, ఏడేళ్లు. చెయ్యి చేసుకోనివాడు కూడా దాన్ని కప్పిపెట్టే రాత రాస్తే అందులో చిక్కుకోవచ్చు. ప్రభుత్వ అనుమతి లేకుండా పోలీసు మీద కేసు నడవదులే అని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకండి. దొంగ రికార్డు సృష్టించడం అధికారిక విధి కాదు కాబట్టి ఆ అనుమతి కవచం దానికి వర్తించదని సుప్రీంకోర్టు 1997లోనే శంభూనాథ్ మిశ్రా కేసులో చెప్పింది.

మరి మళ్లీ మీ వంతు వస్తే ఏం చేయాలి? గొడవతో మొదలుపెట్టకండి. ‘సార్, టవర్ లొకేషన్‌లో దొరికిపోతాం, ముందు అడిగేది మిమ్మల్నే’ అని ఆయన నష్టం వైపు నుంచి చెప్పండి. చాలా చోట్ల ఇది పని చేస్తుంది, ఎందుకంటే తప్పు అన్న మాట కంటే చిక్కు అన్న మాట ఆఫీసర్లకు తొందరగా ఎక్కుతుంది. వినకపోతే, నా డ్యూటీ టైములో నేను చూసిందే నా చేత్తో రాస్తాను అనండి. ఆయనకు వేరే టైము కావాలంటే ఆయన చేత్తోనే రాసుకోవాలి. లిఖితపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా అడగండి. ఇవ్వరు. కానీ అడిగిన సంగతి, తేదీతో సహా, మీ సొంత నోటుబుక్కులో ఉండాలి. అప్పటికీ ఒత్తిడి ఆగకపోతే సీఐ, డీఎస్పీల ద్వారా ఎస్పీకి కాగితం పెట్టండి. కొట్టడం చూసి ఉంటే అదీ రాయండి. కాపీ మీద తేదీ వేసి ముట్టినట్టు సంతకం తీసుకోండి.

చేయకూడనిది కూడా ఒకటుంది. జీడీ పేజీ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, విలేకరికి పంపడం. 1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం అనుమతి లేకుండా పత్రికలతో మాట్లాడకుండా మీ చేతులు కట్టేసింది. మీరు చెప్పింది నిజమైనా, అడ్డదారిన చెప్పారని చర్య మీ మీదే పడుతుంది. అక్రమాలు బయటపెట్టేవారి రక్షణకు 2014లో చేసిన చట్టం ఉంది, దాన్ని అమల్లోకే తేలేదు. దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న. రాయనంటే ఏమవుతుంది? తప్పుడు టైము రాయనన్నందుకు కానిస్టేబుల్‌ని మెచ్చుకున్న ఆఫీసర్‌ని నేను ఇంతవరకు చూడలేదు. వీఆర్‌కు (పోస్టింగ్ లేకుండా ఖాళీగా ఉంచే వేకెన్సీ రిజర్వ్‌కు) పంపుతారు, లేదా వరసగా దూరపు బందోబస్తులు వేస్తారు. బదిలీ సర్వీసులో భాగం అంటారు కాబట్టి కోర్టులో దానికి పెద్దగా ఊరట దొరకదు, ముందే చెబుతున్నాను. ఛార్జి మెమో వస్తే మాత్రం భయపడకండి. గడువులోగా జవాబు ఇవ్వండి, ఏ ఆదేశం పాటించలేదో స్పష్టంగా చెప్పమని అడగండి. ‘తప్పుడు ఎంట్రీ వేయనన్నాడు’ అని ఏ ఆఫీసరూ కాగితం మీద పెట్టలేడు. ఉద్యోగం తీసేయాలన్నా, హోదా తగ్గించాలన్నా 311వ అధికరణ ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, విచారణ జరగాల్సిందే. ఇప్పుడు మనకు ఉద్యోగుల సర్వీసు కేసులు వినే ట్రైబ్యునల్ లేదు, నేరుగా హైకోర్టుకే వెళ్లాలి.

ఆరు నెలల కిందటి రాత దగ్గరికి వస్తే, ముందుగా దాన్ని ముట్టుకోకండి. దిద్దడం, పేజీ మార్చడం రెండో నేరం. దాని గురించి తోటివాళ్లతో ఫోన్లో మాట్లాడకండి, మెసేజీలు పెట్టకండి. మిమ్మల్ని సాక్షిగా పిలిచేలోగా మీకంటూ ఒక లాయర్‌ని పెట్టుకోండి, పబ్లిక్ ప్రాసిక్యూటర్ మీ లాయర్ కారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అసలు ప్రశ్న వస్తే ఆ రోజు నిజమే చెప్పాలి. సాక్షిగా కోర్టు బలవంతం మీద చెప్పిన జవాబును మీ మీద కేసుకు వాడకూడదని సాక్ష్య చట్టంలో రక్షణ ఉంది, అబద్ధ సాక్ష్యం కేసుకు తప్ప. అయితే అడగకుండానే మీరు చెప్పేసిన దానికి ఆ రక్షణ రాదని వాదిస్తారు. అందుకే జవాబు ఇచ్చే ముందు ఆ రక్షణ కోరుతున్నానని జడ్జిగారికి చెప్పడం ముఖ్యం, అదెలా చెప్పాలో మీ లాయరు నేర్పుతారు. ఈ ఒక్క పనికి డబ్బు ఖర్చవుతుందని వెనకాడొద్దు.

ఆ తల్లికి చెప్పి ఉంటే మీ తప్పేమీ లేదు, చెప్పకుండా ఉంచడమే తప్పు. అరెస్టు చేసిన వెంటనే బంధువుకో, స్నేహితుడికో, ఆ మనిషి చెప్పినవారికో తెలియజేయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 48 చెబుతుంది. తెలియజేసిన సంగతి స్టేషన్ పుస్తకంలో రాయాలి, మేజిస్ట్రేట్ అది జరిగిందో లేదో చూసుకోవాలి. అరెస్టయిన వాళ్ల వివరాలు స్టేషన్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలని 37వ సెక్షన్ అంటోంది. బోర్డు మీద ఉండాల్సిన విషయం రహస్యం ఎలా అవుతుంది? ఇంకోసారి గేటు దగ్గర ఎవరైనా అలా కూర్చుంటే లోపల ఉన్నాడని చెప్పండి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు వస్తారని, దానికి 15100కు ఫోన్ చేయొచ్చని కూడా చెప్పండి. ఫోన్ చేయడం రాకపోతే ఆ నంబరు కాగితం మీద రాసి చేతిలో పెట్టండి.